చార్మినార్ రూపాయికి వెల కట్టేదెవరు?

కామారెడ్డి జిల్లా తాడ్వాయి చుట్టుపక్కల పాత ఇళ్లలో పంపకాలు జరిగితే భూమికి, ఇంటికి, బంగారానికి ఎలాగోలా లెక్క తేలుతుంది. సందూక అడుగున గుడ్డమూటలో ఉన్న పాత రూపాయల దగ్గరికి వచ్చేసరికి మాట ఆగుతుంది. మూటలో ఉండేవి మామూలుగా కొన్ని చార్మినార్ రూపాయలు, రెండు మూడు రాణి రూపాయలు, గుప్పెడు చిల్లి పైసలు. అవుసలాయన తూకం వేసి ఒక ధర చెప్తాడు. పట్నంలో నాణేలు సేకరించే చుట్టం ఒకటి రెండు ఏరుకుని వాటికి అంతకు ఎన్నో రెట్లు ఇస్తానంటాడు, మిగతావి తనకు అక్కర్లేదంటాడు. ఫోన్‌లో తిరిగే వీడియో ఒక్కో నాణెం లక్షలంటుంది. ఇంట్లో పెద్దామె అవి దీపావళి పూజలో పెట్టేవనీ, అమ్మే మాటే లేదనీ అంటుంది.

వీడియోను పక్కన పెడితే మిగిలిన ముగ్గురి మాటల్లోనూ నిజముంది. అవుసలాయన లోహానికి ధర కడుతున్నాడు. చుట్టం అరుదైనదాన్ని వెతుకుతున్నాడు. పెద్దామె లెక్క అసలు బజారుకే సంబంధించింది కాదు. ఇవి కాక చరిత్రకారులది ఒక వాదం, చట్టానిది ఇంకొకటి. వెండి ధర పెరిగినకొద్దీ ఈ వాదాలన్నీ ఒకదాంట్లో ఒకటి చిక్కుకుపోయాయి. వాటిని విడదీసి, ఎవరి మాట ఎంతవరకు చెల్లుతుందో చూడటమే ఇక్కడి పని.

రెండు సిక్కాలు నడిచిన నేల

ఈ ప్రాంతపు మూటల్లో రెండు రకాల రూపాయలు కలిసి ఉండటానికి కారణం ఉంది. 1948 సెప్టెంబరు దాకా తాడ్వాయి నిజాం రాజ్యంలోది. ఆ రాజ్యానికి సొంత టంకసాల, సొంత రూపాయి ఉండేవి. దాన్ని హాలీ సిక్కా అనేవాళ్లు, ఏడో నిజాం కాలంలో ఉస్మానియా సిక్కా అన్నారు. బ్రిటిష్ ఇండియా రూపాయిని కల్దార్ అనేవాళ్లు. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్లు, ఇదీ మారకం. జీతం, శిస్తు, అంగడి బేరం హాలీలో నడిచేవి. బొంబాయి, షోలాపూర్, భివండీ వైపు పనికి వెళ్లినవాళ్లు, సరిహద్దు దాటి వ్యాపారం చేసినవాళ్లు కల్దార్లు తెచ్చేవాళ్లు. కాబట్టి ఒక ఇంటి మూటలో కల్దార్లే ఎక్కువగా కనిపిస్తే ఆ ఇంట్లో ఎవరో రాజ్యం బయట సంపాదించారేమోనని అడిగి చూడటం దండగ కాదు.

చార్మినార్ బొమ్మ మొదట్నుంచీ లేదు. 1857 దాకా హైదరాబాద్ నాణేలు మొఘల్ చక్రవర్తి పేరుతోనే వచ్చేవి. ఆ తర్వాత ఆసఫ్‌జాహీల బిరుదుతో వచ్చాయి. సుత్తి దెబ్బతో ముద్రించిన ఆ నాణేలు మందంగా, అంచులు వంకరగా ఉంటాయి, అక్షరాలు సగం బయటికి పోయి ఉంటాయి. నారాయణపేట, గద్వాల, వనపర్తి వంటి చోట్ల కూడా నాణేలు ముద్రించిన కాలం అది. 1903 ప్రాంతంలో సైఫాబాద్‌లో యంత్రాల టంకసాల వచ్చాక ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరిట చార్మినార్ బొమ్మతో గుండ్రటి, సమమైన రూపాయి వచ్చింది. 1911లో గద్దెనెక్కిన మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఆ బొమ్మనే కొనసాగించాడు.

నిజాంసాగర్ ఆనకట్ట 1923లో మొదలై 1931లో పూర్తయ్యేదాకా మంజీరా ఒడ్డున జరిగిన పనంతా ఈ హాలీ లెక్కల కాలంలోనే. 1950లో భారత రూపాయి పక్కనే నడవడం మొదలైంది. 1951లో హైదరాబాద్ రూపాయి ముద్రణ ఆగింది. 1959లో చెలామణి పూర్తిగా రద్దయింది. ఆ రద్దుతోనే ప్రశ్న పుట్టింది. అప్పటిదాకా రూపాయి అంటే రూపాయే, దాని వెలేమిటని అడిగినవాడు లేడు.

కాటా మాట

మొదటి వాదం అవుసలాయనది, సేటుది. నాణెం చెల్లదు కాబట్టి అది వెండి ముక్క, గీటురాయి మీద గీసి టంచ్ చూసి ధర కట్టాలి. దీన్ని తక్కువ చేసి మాట్లాడటం సేకర్తలకు అలవాటు. కానీ కుటుంబానికి ఇది ముందు తెలియాల్సిన లెక్క, ఎందుకంటే ఏ వెండి నాణేనికైనా ఇంతకన్నా తక్కువ రాకూడదు.

చార్మినార్ రూపాయి బరువు 11.178 గ్రాములు, అందులో వెండి వెయ్యికి 818 పాళ్లు. అంటే స్వచ్ఛమైన వెండి 9.14 గ్రాములు. 1939 దాకా వచ్చిన కల్దార్ 11.66 గ్రాములు, వెండి వెయ్యికి 917 పాళ్లు, స్వచ్ఛమైనది సుమారు 10.69 గ్రాములు. ఈ రెండు వెండి బరువుల నిష్పత్తి 0.855. ఆరుని ఏడుతో భాగిస్తే వచ్చేది 0.857. హాలీకి, కల్దార్‌కు ఉన్న ఆ పాత మారకం వెండి లెక్కకు దాదాపు అతికినట్టు సరిపోతుందన్నమాట. కాటా వాదానికి ఇంతకన్నా పాత సాక్ష్యం అక్కర్లేదు.

ఇక్కడే తప్పులూ జరుగుతాయి. రెండో ప్రపంచ యుద్ధంలో వెండి కరువై 1940 నుంచి 1945 దాకా కల్దార్‌లో వెండిని సగానికి దించారు. హైదరాబాద్ కూడా ఆ యుద్ధకాలంలోనే తన రూపాయిని సగం వెండికి తెచ్చింది. పైకి చూస్తే బొమ్మలో పెద్ద తేడా కనపడదు. లెక్క తేలికగా ఉండటానికి స్వచ్ఛమైన వెండి గ్రాముకు 100 రూపాయలనుకుంటే పాత కల్దార్ 1,069 రూపాయలు, పాత చార్మినార్ 914, యుద్ధకాలపు కల్దార్ 583, యుద్ధకాలపు చార్మినార్ 559. అన్నింటినీ ఒకే కుప్పగా తూచి సగటు ధర కడితే ఒక వారసుడికి లాభం, ఇంకొకరికి నష్టం. పంపకాల్లో నాణేలను లెక్కపెట్టి తలా ఇన్ని అని పంచినా ఇదే గొడవ.

1947 నాటి కల్దార్‌లో వెండే లేదు, అది నికెల్. 1947 రూపాయి వెనక పులి బొమ్మ ఉంటుంది. అయస్కాంతం పెడితే అతుక్కుంటుంది. అతుక్కుంది కదా అని దాన్ని దొంగ నాణెం అనకూడదు. పాత కల్దార్ అతుక్కుంటే మాత్రం అనుమానించాల్సిందే. జర్మన్ సిల్వర్‌తో చేసిన నకళ్లు అయస్కాంతానికి చిక్కవు. పేరులో సిల్వర్ ఉన్నా అందులో వెండి ఉండదు, ఉండేవి రాగి, నికెల్, జింకు. అలాంటి నకలుకు నీళ్లలో ముంచి సాంద్రత చూడటమే పరీక్ష. పాత కల్దార్‌కైనా, పాత చార్మినార్‌కైనా అంకె 10 దాటాలి.

తులం విషయంలో ఒక చిన్న హెచ్చరిక. పాత రూపాయి తులం బరువని పెద్దలు చెప్పింది నిజమే, కానీ అది 11.66 గ్రాముల తులం. ఇప్పుడు దుకాణంలో తులమంటే 10 గ్రాములు. రూపాయికి తులమని నోటిమాటతో లెక్క కడితే నాణేనికి గ్రామున్నర దాకా చేయి జారుతుంది.

సేకర్తల లెక్క

రెండో వాదం ప్రకారం నాణెం ధర మూడింటి మీద ఆధారపడుతుంది: ఎన్ని మిగిలాయి, ఎంత చెక్కుచెదరకుండా ఉంది, ఎంతమందికి కావాలి. ఇందులో వయసు లేదు. జనం ఎక్కువగా పొరబడేది ఇక్కడే. శాతవాహనుల మామూలు సీసపు నాణెం 1,800 ఏళ్ల నాటిదైనా కొద్దిపాటి ధరకే దొరకవచ్చు. 1939 నాటి కల్దార్‌కు ఇంకా వందేళ్లు నిండలేదు, అయినా సేకర్తలు పోటీపడేది దానికోసమే. పూర్తి వెండితో వచ్చిన ఆఖరి కల్దార్ అది, బయటికి వచ్చినవి చాలా తక్కువ. అందుకే దానికి నకళ్లూ ఎక్కువే.

నాణెం మీద ఉన్న సంవత్సరాన్ని కూడా నమ్మడానికి లేదు. 1862 అని ఉన్న విక్టోరియా రూపాయిని 1870ల దాకా అదే సంవత్సరంతో ముద్రించారు. వాటిలో తేడా తెలియాలంటే చుక్కలు, పూలరేకులు, రాణి దుస్తుల మీది నగిషీ చూడాలి. 1911 నాటి ఐదో జార్జ్ రూపాయి కథ వేరు. రాజు అంగీ మీది గొలుసులో ఉన్న ఏనుగు బొమ్మ పందిలా కనిపిస్తోందని జనంలో గోల పుట్టింది. ఉన్నవాటిలో ఎక్కువ భాగం వెనక్కి తీసుకుని కరిగించి, మరుసటి ఏడాది తొండం స్పష్టంగా కనిపించేలా బొమ్మ మార్చారు. తప్పించుకున్న ‘పంది రూపాయి’కి ఇప్పటికీ గిరాకీ ఉంది.

చార్మినార్ రూపాయి చదవడం ఒక పని. ముందువైపు చార్మినార్, చుట్టూ ఆసఫ్‌జాహీ బిరుదు, పైన 92 అనే అంకె. అది అబ్జద్ లెక్కలో మహమ్మద్ ప్రవక్త పేరుకు వచ్చే సంఖ్య, దాన్ని సంవత్సరమనుకుని 1892 నాటిదని చెప్పేవాళ్లున్నారు. అసలు సంవత్సరం హిజ్రీలో ఉంటుంది. దాన్ని 0.97తో హెచ్చించి 622 కలిపితే క్రీస్తుశకం వస్తుంది, 1343 అని ఉంటే 1924-25. వెనకవైపు ‘ఫర్ఖుందా బున్యాద్ హైదరాబాద్’ అనే టంకసాల పేరు, రాజు పాలన ఎన్నో ఏడో చెప్పే అంకె ఉంటాయి. చార్మినార్ నడిమి కమానులోకి భూతద్దం పెట్టి చూస్తే ఒక చిన్న అక్షరం కనపడుతుంది. మీమ్ అయితే మహబూబ్ అలీ ఖాన్, ఐన్ అయితే ఉస్మాన్ అలీ ఖాన్. ఉస్మాన్ నాణేల్లోనూ మొదటివాటిలో ఐన్ పొట్టిగా, తర్వాతివాటిలో పూర్తిగా ఉంటుంది. గింజంత అక్షరంలోని ఈ తేడాతో, పైన రాసిన సంవత్సరంతో ధర మారిపోతుంది. కాటాకు మాత్రం ఇవన్నీ ఒక్కటే.

చిల్లరను చిన్నచూపు చూడటం మన ఇళ్లలో మామూలే. రూపాయలు దాచారు, రాగి నాణేలు పిల్లల ఆటలకు పోయాయి. మధ్యలో చిల్లున్న రెండు పైల నాణెం, నలుపలకల అణా, తుగ్రా ముద్ర ఉన్న రాగి పై వంటివాటికి లోహం ధర లేదు. కానీ వాటిని ఎవరూ దాచలేదు కాబట్టి కొత్తదానిలా మిగిలినది దొరకడం కష్టం. అరిగినవాటికి మాత్రం గంపల కొద్దీ ఉన్నా ధర రాదు. బంగారు అష్రఫీ లెక్క వీటన్నింటికీ పైన ఉంటుంది. రూపాయంత బరువున్న పూర్తి అష్రఫీ, దాని సగం, పావు, అరపావు వచ్చాయి. తాడ్వాయి వంటి ఊళ్లో మామూలు రైతు ఇంటి మూటలో అవి ఉండటం అరుదు. ఉంటే అది నగల పెట్టెలో, దండలో ఉంటుంది.

ఈ చిక్కు మన ఒక్కరిదే కాదు. జర్మనీలో తాతల నాటి కైజర్ కాలపు నాణేలు చేతికొచ్చిన కుటుంబాలూ ఇదే తికమక పడతాయి. 1871లో రాజ్యాలన్నీ ఒక్కటై మార్కు వచ్చినా, రెండు మార్కులూ అంతకు పైబడిన నాణేల మీద ఏ సంస్థానం రాజు తల ఆ సంస్థానం వేసుకోవచ్చు. 20 మార్కుల బంగారు నాణెం ఎవరిదైనా బరువు 7.96 గ్రాములే, బంగారం వెయ్యికి 900 పాళ్లే. రెండో విల్‌హెల్మ్ తలతో, బెర్లిన్ టంకసాల గుర్తు ‘ఎ’తో వచ్చినవి కుప్పలుగా ఉండటంతో బంగారం ధర దగ్గరే అమ్ముడవుతాయి. చిన్న సంస్థానాల నాణేలు దానికి ఎన్నో రెట్లు పలుకుతాయి. మన దగ్గర కూడా చార్మినార్ రూపాయి ఇంటింటా ఉన్నది. గద్వాల, వనపర్తి సంస్థానాల ముద్ర దొరికితే నిపుణుడికి చూపించకుండా కాటా మీద పెట్టకూడదు.

సేకర్తల వాదంలో లోటు ఒకటుంది. కొనేవాడే ధర చెప్తాడు. వచ్చినాయన అరుదైన రెండు ఏరుకుని, ఏది ఎందుకు అరుదో చెప్పకుండా ‘అన్నీ కలిపి ఇంత’ అంటే అమ్మేవాడికి తెలిసే దారి లేదు. క్రౌజ్ ప్రపంచ నాణేల కేటలాగ్‌లో ధరలుంటాయి, కానీ అవి ఊహించిన చిల్లర ధరలు. బెంగళూరు, ముంబయి వేలంపాటల ఫలితాలు అంతకన్నా నమ్మదగినవి, నిజంగా డబ్బు చేతులు మారిన లెక్క కాబట్టి. అక్కడా మెరిసే నాణేల ధరలే కనపడతాయి. అరిగిపోయిన వంద రూపాయల మూట సంగతి వేలంపాటకు ఎక్కదు.

చింతపండు, టాకా, దండ

నాణెం స్థితి గురించి సేకర్తలకు, ఇంటివాళ్లకు మధ్య పేచీ ఉంది. ఏటా దీపావళికి లక్ష్మీపూజలో పెట్టేముందు వెండి రూపాయిని చింతపండు రుద్ది, బూడిదతో తోమి తళతళలాడించడం ఆనవాయితీ. అదే చేత్తో పసుపు, కుంకుమ. ఇంటివాళ్లకు అది మడి. సేకర్తకు అదే నాణెం చావు. వెండి మీద ఏళ్ల తరబడి పట్టిన నల్లటి, నీలిరంగు పొర ఆ నాణెం తాకకుండా ఉందని చెప్పే రుజువు. చింతపండు ఆ పొరను తీస్తుంది, బూడిద సన్నటి గీతలు పెడుతుంది. భూతద్దంలో చూస్తే గీతలన్నీ ఒకే దిక్కున వెంట్రుకల్లా కనపడతాయి. అలా తోమిన అరుదైన నాణేన్ని గ్రేడింగ్ కంపెనీలు ‘క్లీన్డ్’ అని రాసి పక్కన పెడతాయి, ధరలో పెద్ద కోత పడుతుంది. మామూలు చార్మినార్ రూపాయి విషయంలో మాత్రం ఈ గోల అంతగా పట్టించుకోనక్కర్లేదు. అరిగిపోయి వెండి ధరకే పోయే నాణెం తోమినా తోమకపోయినా వెండే.

రెండో పేచీ టాకా. రూపాయికి కొక్కెం అతికి దండలో గుచ్చితే నాణెంగా దాని ధర పోతుంది. అయినా ఎల్లారెడ్డి, గాంధారి, లింగంపేట వైపు తండాల్లో లంబాడా ఆడవాళ్లు వేసుకునే రూపాయల దండల్ని, రవికకు కుట్టిన నాణేల్ని అలా ముక్కలుగా చూడటం తప్పు. అక్కడ వెల దండది. ఏ రూపాయలు కలిపారు, ఏ కాలంవి కలిపారు, ఎవరు గుచ్చారు, ఇవన్నీ కలిపితేనే దానికి అర్థం. హస్తకళల సేకర్తలు దండను దండగానే కొంటారు. నాణేల సేకర్త మంచి రూపాయి ఒకటి కనపడగానే విప్పమంటాడు. ఈ విషయంలో మొదటివాళ్లదే సరైన మాట అని నా అభిప్రాయం. విప్పిన నాణెం మీద టాకా మచ్చ ఎలాగూ ఉంటుంది, దండ మాత్రం మళ్లీ దండ కాదు.

ఎక్కడ దొరికిందన్నదే వెల

మూడో వాదం చరిత్రకారులది. వాళ్ల దృష్టిలో నాణెం ఎంత అరుదన్నది తర్వాతి సంగతి, అది ఎక్కడ, వేటితో కలిసి దొరికిందన్నది మొదటిది. ఇందుకు తెలంగాణలోనే గట్టి ఉదాహరణ ఉంది. గోదావరి ఒడ్డున, ఇప్పటి జగిత్యాల జిల్లాలోని కోటిలింగాలలో గోభద, నారన, కంవాయసిరి, సమగోప అనే రాజుల నాణేలు, చిముక పేరున్న శాతవాహన నాణేలు దొరికాయి. పి.వి. పరబ్రహ్మశాస్త్రి, నిమ్స్‌కు సంచాలకుడిగా పనిచేసిన న్యూరోసర్జన్ డి. రాజారెడ్డి వంటివాళ్లు వాటిని చదివి రాశారు. శాతవాహనుల మొదటి నేల ఏదన్న వాదంలో తెలంగాణ వైపు బలం చేకూరింది ఆ రాగి, సీసపు బిళ్లల వల్ల. అవే బిళ్లలు ఏ ఊరివో తెలియకుండా పట్నం దుకాణంలో దొరికి ఉంటే వాదానికి పనికొచ్చేవి కావు.

2024లో సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో ఒక కుండలో 3,730 సీసపు నాణేలు దొరికాయి. ఒకవైపు ఏనుగు, రెండోవైపు ఉజ్జయిని గుర్తు ఉన్న ఆ నాణేలను ఇక్ష్వాకుల నాటివిగా చెప్పారు. బజారులో సీసం ధర ఎంతో అందరికీ తెలుసు. కానీ కుండ, లోతు, చుట్టూ దొరికిన పూసలు, గాజులు, అన్నీ కలిసి బౌద్ధారామంలో డబ్బు ఎలా తిరిగిందో చెప్పగలవు.

ఈ వాదం బలమైనదే, కానీ దాన్ని సందూకలోని పది చార్మినార్ రూపాయలకు కూడా అదే బరువుతో వర్తింపజేయడం అతి. కోట్లలో ముద్రించిన నాణెం గురించి అలాంటిదే పదోది కొత్తగా చెప్పేది లేదు. కుటుంబపు మూటలో చరిత్ర ఉండేది నాణెంలో కాదు, మూటలో. ఏ సంవత్సరాలవి ఎన్ని, హాలీవెన్ని, కల్దార్లెన్ని, ఫసలీ లెక్కల్లో రాసుకున్న ఏ పాత కాగితం వాటితో ఉంది, ఏ గుడ్డలో ఉన్నాయి, ఎవరి పెళ్లికి వచ్చాయి. పంపకంలో మూట విప్పిన రోజునే ఇది చెదిరిపోతుంది. ఒక్క కాగితం మీద రాసి, రెండువైపులా ఫోటోలు తీస్తే ఖర్చేమీ లేదు. అమ్మినా, ఉంచుకున్నా ఆ కాగితం ఉంటుంది.

లోహమా, పురాతనత్వమా అన్న తర్జనభర్జన పెద్దల స్థాయిలోనూ జరిగింది. 1965లో ఏడో నిజాం జాతీయ రక్షణ బంగారు పథకంలో 425 కిలోల బంగారం పెట్టాడు. అందులో చాలావరకు పాత మొహర్లు. వాటిని కరిగించకుండా విదేశాల్లో అమ్మితే బంగారం ధరకన్నా ఎక్కువ వస్తుందని ప్రధాని లాల్‌బహదూర్ శాస్త్రి హైదరాబాద్ సభలో అన్నాడు. అదే వంశపు వారసత్వంగా చెప్పుకునే మరో నాణెం 1613లో జహంగీర్ ఆగ్రాలో ముద్రింపించిన సుమారు 12 కిలోల మొహర్. 1987లో అది జెనీవాలో వేలానికి వస్తోందని తెలిసి సీబీఐ విచారణ మొదలైంది. అది ఇప్పుడెక్కడుందో బయటికి తెలియదు. బంగారంగా దాని ధర ఎవరైనా నిమిషంలో చెప్పగలరు.

చట్టం లెక్క

పెద్దల నుంచి చేతికి వచ్చిన నాణెం వేరు, దొరికిన నాణెం వేరు. 1878 నాటి నిధినిక్షేపాల చట్టం రెండోదానికి. నేలలో గానీ, నేలకు అంటుకుని ఉన్న దేనిలో గానీ దాచి ఉన్న విలువైన వస్తువు ఈ చట్టం కింద నిధి. అంటే గోడ కూడా లెక్కలోకి వస్తుంది. పాత ఇల్లు కూల్చేటప్పుడు గోడలోంచి గురిగి బయటపడితే అది మన తాతదే కదా అని పంచుకోవడానికి లేదు. విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు చెప్పాలి, చెప్పకపోతే ఏడాది దాకా జైలు పడవచ్చు. వందేళ్ల లోపు తన పూర్వీకుడే దాచాడని చెప్పే వారసుడికి సివిల్ కోర్టులో నిరూపించుకునే అవకాశం చట్టం ఇస్తుంది. హక్కుదారు ఎవరూ లేరని తేలితే, దొరికినవాడికి మూడు పాళ్లు, స్థలం యజమానికి ఒక పాలు.

ఈ చట్టంలో వెల కట్టే పద్ధతి మన వాదానికి ఆసక్తికరమైనది. ప్రభుత్వం నిధిని తీసుకోదలిస్తే ఇవ్వాల్సింది లోహపు విలువ, దాని మీద ఐదో వంతు. అరుదైనదైనా, మామూలుదైనా అంతే. సీసపు శాతవాహన నాణేలకు ఈ లెక్క కడితే దొరికినవాడికి వచ్చేది టీ ఖర్చు. కుండ దొరికిన రైతు నోరు మూసుకుని దొంగచాటుగా అమ్ముకోవడానికి ఈ లెక్కే ఒక కారణమని చరిత్రకారులు ఎప్పటినుంచో అంటున్నారు. ఆ మాట కొట్టిపారేయలేం.

అమెరికాలో, గల్ఫ్‌లో పిల్లలున్న ఇళ్లకు ఇంకో చట్టం తగులుతుంది. 1972 నాటి పురావస్తువుల చట్టం కింద వందేళ్లు దాటిన నాణెం పురావస్తువు, దాన్ని ఎవరూ సొంతంగా దేశం దాటించకూడదు. హిజ్రీ 1343 నాటి చార్మినార్ రూపాయి ఈ మధ్యే వందేళ్లు దాటింది. ఏటా ఇంకో సంవత్సరపు రూపాయలు అటువైపు చేరుతున్నాయి. డాలస్‌లో ఉన్న మనవరాలికి నాయినమ్మ గుర్తుగా రూపాయి ఇస్తే అది ఏ సంవత్సరందో చూసి గానీ పెట్టెలో పెట్టుకోకూడదన్నమాట.

పన్నుల్లోనూ పెద్దామె మాట చెల్లలేదు. లక్ష్మీపూజకు వాడే వెండి రూపాయలు వ్యక్తిగత వాడుక వస్తువులని ధోల్‌పూర్ మహారాజా రాణా హేమంత్‌సింగ్ కేసులో వాదించారు. ఏటా ఒకటి రెండు సార్లు పూజలో పెట్టినంతమాత్రాన అవి అలా కావని 1976లో సుప్రీంకోర్టు తేల్చింది. అమ్మితే లాభం మీద పన్ను లెక్క ఉంటుంది. 2001 ఏప్రిల్ 1కి ముందే కుటుంబంలో ఉన్నవాటికి ఆ రోజు ధరను మొదలుగా తీసుకోవచ్చు.

ఫోన్‌లోని లక్షలు

దీని గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. పాత నాణేలు, నోట్లు కొంటామంటూ తన పేరు వాడుకుని కమీషన్లు, పన్నులు వసూలు చేస్తున్నారని రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులోనే హెచ్చరించింది. కొనేవాడు ముందు మన దగ్గర డబ్బు అడిగితే అది కొనుగోలు కాదు. 1818 అని రాసి, రాముడి దర్బారు బొమ్మతో ఈస్టిండియా కంపెనీ పేరున తిరిగే అర్ధణా పచ్చి నకలు, కంపెనీ అలాంటిది చెలామణికి వెయ్యలేదు. దేవుడి బొమ్మ ఉన్నదల్లా నకలని కాదు. వేంకటేశ్వరుడు, ఇద్దరు దేవేరులు ఉన్న బంగారు వరహాలు మద్రాసులో నిజంగానే వచ్చాయి. బియ్యాన్ని లాగే రాగి నాణెం, రైస్ పుల్లింగ్ వ్యవహారం పోలీసు స్టేషన్లకు బాగా తెలిసిన మోసం. దాన్ని నాణేల చర్చలో కలపడమే అనవసరం.

పక్కపక్కన పెట్టి చూస్తే

కాటా లెక్క వేగంగా తేలుతుంది, ఎవరైనా సరిచూసుకోవచ్చు. అరుదైనదాన్ని గుర్తించలేకపోవడం, ఒకసారి కరిగిస్తే వెనక్కి రాకపోవడం దాని లోపాలు. సేకర్తల లెక్క మూటలో కొద్ది నాణేలకే వర్తిస్తుంది, కానీ ఆ కొద్దింటి విషయంలో తేడా చాలా పెద్దది. చరిత్రకారుల లెక్కకు రూపాయల్లో సమాధానం లేదు, దాని కోరికా డబ్బు కాదు, రాసి ఉంచడం. పూజగది లెక్కకు బజారు ఊసే లేదు, కోర్టు దాన్ని ఒప్పుకోలేదు, అయినా మూట ఇన్నాళ్లూ మిగిలింది దాని వల్లే.

ఇవి ఒకదానికొకటి పోటీ అన్నట్టు వాదించుకోవడం వల్లే చిక్కు. నా దృష్టిలో వీటిని వరసలో పెట్టుకోవడమే దారి. వెనక్కి రాని పని ఆఖర్న. ముందు రాసుకోవాలి, తర్వాత చదవాలి, తోమకుండా ఒకరికి ఇద్దరికి చూపించాలి, విడిగా తూచాలి. ఆ తర్వాత అమ్మినా, కరిగించినా, దండలో ఉంచినా అది కుటుంబం ఇష్టం. మామూలు చార్మినార్ రూపాయిని వెండి ధరకు అమ్ముకుని పిల్లల ఫీజు కట్టినవాళ్లు తప్పు చేశారని అనడానికి ఎవరికీ హక్కు లేదు.

తేలని సంగతులు

గోడలో దొరికిన గురిగి ఎప్పుడు వారసత్వం, ఎప్పుడు నిధి అన్నది కాగితం మీద స్పష్టంగానే ఉన్నా, తాత దాచాడని రుజువు చూపగలిగే ఇళ్లు ఎన్ని ఉంటాయి? లోహం మీద ఐదో వంతు అన్న 1878 లెక్కను మార్చి, దొరికినవాడికి బజారు ధర దగ్గరగా ఇస్తే చెప్పేవాళ్లు పెరుగుతారా, తవ్వేవాళ్లు పెరుగుతారా అన్నదాని మీద నిపుణులే రెండు వర్గాలు. ఇంగ్లండులో బజారు ధర ఇచ్చే పద్ధతిని చూపి అటువైపు వాదిస్తారు. అక్కడ మెటల్ డిటెక్టర్లు పట్టుకుని పొలాల్లో తిరిగేవాళ్ల సంఖ్యను చూపి ఇటువైపు వాదిస్తారు.

అన్నింటికన్నా పెద్ద ఖాళీ అరుదుతనం లెక్కలో ఉంది. టంకసాల ఏ ఏడు ఎన్ని రూపాయలు ముద్రించిందన్నదాని నుంచి ఎన్ని మిగిలాయో చెప్పలేం. రద్దు తర్వాత కొన్ని, వెండి ధర ఎగిసిన ప్రతిసారీ ఇంకొన్ని కుంపట్లోకి పోయాయి. ఏ సంవత్సరపువి ఎన్ని పోయాయో రాసుకున్నవాళ్లు లేరు. ఇవాళ కామారెడ్డిలో కిలో లెక్కన కొన్న మూటలో హిజ్రీ 1330 నాటివి ఎన్ని ఉన్నాయో కొన్న దుకాణానికీ తెలియదు, అమ్మిన ఇంటికీ తెలియదు. కేటలాగుల్లో ఇవాళ ‘మామూలు’ అని ఉన్న సంవత్సరం పదేళ్ల తర్వాత కూడా మామూలుగానే ఉంటుందన్న హామీ లేదు.